నీలవేణి క్యాంపులో ఉంది

మా కాలవగట్టు కాలనీ సముద్రానికి తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా మా మహిళా మండలి గదిని నిలబెట్టుకోవడానికి పోయిన వేసవిలో మేం ఐదుగురం ఆడవాళ్లం నౌకాయుద్ధం చేయవలసి వచ్చింది. యుద్ధం అంత కష్టమనిపించలేదు. దరఖాస్తు కష్టమైంది.

ఆ గదిని కుట్టు శిక్షణ కోసం కట్టారు. ఆరు కుట్టు మిషన్లు తెచ్చి, ప్రారంభోత్సవం చేసి, ఫొటోలు దిగి, మరో కాలనీలో ప్రారంభోత్సవం ఉందని సాయంత్రానికల్లా పట్టుకెళ్లిపోయారు. రెండేళ్ల తరవాత ‘అంతర్జాల గృహిణి’ పథకం కింద పది ట్యాబులు వచ్చాయి. మూడు రోజులు శిక్షణ ఇచ్చి, వాటిని తిరిగి తీసుకెళ్లడం మరిచిపోయారు. మేం గుర్తు చేయలేదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఆ గది మాది. నాకు ఇంట్లో వంటగది ఉంది, పడకగది ఉంది, దేవుడి గది కూడా ఉంది. ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి ఎక్కడ పెట్టావని అడుగుతారు. మండలి గదిలో అడిగేవాళ్లు లేరు. లెక్కల టీచరుగా రిటైరైన శేషారత్నం గారికైతే కోడలు హాల్లో టీవీ, మనవరాలు గదిలో ట్యూషను పెట్టాక, ప్రపంచంలో మిగిలిన సొంత చోటు ఆ గదిలో కిటికీ పక్క కుర్చీ ఒక్కటే. ఈ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. గది తలుపు తీసేసరికి రోజూ ఆవిడ మెట్ల మీద నిలబడి ఉండేవారు, అంతే.

ఆటను కనిపెట్టింది షంషాద్. జాకెట్టు చేతుల కటింగ్ వీడియో వెతుకుతూ వేలు జారి, యుద్ధనౌకల ఆటలోకి వెళ్లింది. వారం తిరిగేసరికి ఐదుగురం వెళ్లాం. షంషాద్‌ది గస్తీ ఓడ. శేషారత్నం గారిది చురుకైన చిన్న ఓడ, ముందుకెళ్లి శత్రువు ఎక్కడున్నాడో చూసి చెబుతుంది. సత్యవతి, ఇందుమతి తోడికోడళ్లు. ఇంట్లో పలకరించుకోరు గాని, సముద్రం మీద ఒకరి ఓడకు ఒకరు ప్రాణమిచ్చేవారు. నాకు ఒక యుద్ధనౌక దొరికింది. ఆటలో దాని పేరు నాకు నోరు తిరగలేదు. నీలవేణి అన్నాం.

నీలవేణి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద ఓడే, పెద్ద ఫిరంగులే, కానీ ఒళ్లు పల్చన. నాలుగు దెబ్బలు గట్టిగా తగిలితే మునుగుతుంది. దాని బలమంతా కనబడకపోవడంలో ఉంది. మిగతా యుద్ధనౌకలు పదిహేను కిలోమీటర్ల నుంచే కనబడిపోతే, ఇది పదకొండు దాకా వచ్చినా ఎవరికీ కనబడదు. అయితే ఫిరంగి పేల్చిందా, ఇరవై సెకన్ల పాటు సముద్రమంతటికీ కనబడుతుంది. కొత్తలో నేను కనబడ్డ ప్రతి ఓడ మీదా పేల్చి, ప్రతి ఆటలోనూ మొదట మునిగేదాన్ని. తరవాత తెలిసింది, ఈ విద్య నాకు వచ్చినదేనని. చందాలవాళ్లు వీధి మొదట్లో కనబడగానే కుక్కర్ కింద మంట తగ్గించని ఇల్లాలు ఉంటుందా? కూత వేసిందంటే ఇంట్లో ఉన్నట్టు. అంచేత దీవి చాటున ఆగడం, తొందరపడి మొదట పేల్చకపోవడం, ఎదుటివాడు వేరే ఎవరితోనో తగవులో పడి వెడల్పాటి పక్క మనవైపు తిప్పినప్పుడు ఒక్కటే దెబ్బ గట్టిగా కొట్టడం, ఆ ఇరవై సెకన్లూ నోరు మూసుకుని చాటుకు జరగడం. ఇంతే. కాపురం కన్నా సులువు.

అలా సాగుతుండగా అంతర్జాల క్రీడా వికాస సంస్థ జిల్లా శాఖ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ మధ్య పైవాళ్లెవరికో వీడియో ఆటల మీద ఉత్సాహం పుట్టిందట. సర్క్యులర్‌లో ముక్కలు రెండు. ఒకటి, మహిళలకు నౌకాయుద్ధపు పోటీలు జరుగును, మూడు ఆటల్లో రెండు గెలిచిన జట్టు గదికి గుర్తింపు పొందిన క్రీడా కేంద్రం హోదా ఇవ్వబడును. రెండు, గుర్తింపు లేక నిరుపయోగముగా ఉన్న గదులను గుర్తించి, అందొకటి సంస్థ వారి పాత ఫైళ్ల నిమిత్తం రికార్డు గదిగా మార్చబడును.

“అంటే గెలవకపోతే మన గదిలో ఫైళ్లు పెడతారా?” అంది షంషాద్.

“పెడతారు,” అన్నారు శేషారత్నం గారు. “ఫైలు ఒకసారి లోపలికొచ్చాక మనిషి మళ్లీ రావడం ఉండదు. మా స్కూల్లో సైన్సు ల్యాబు అలాగే పోయింది.”

ఆవిడ ఆ రోజు ఆట ఆడలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కిటికీ తుడిచారు.

మాతో తలపడ్డది చక్కెర మిల్లు కాలనీ జట్టు ఒక్కటే. వాళ్ల నాయకురాలు లక్ష్మీకాంతం గారు. వాళ్లకు మిల్లు వారి పక్కా హాలు ఉంది, దాని జోలికి ఎవరూ రారు. కప్పు కోసం ఆడుతున్నారు.

దరఖాస్తు ఇవ్వడానికి సంస్థ ఆఫీసుకు వెళ్లాం. సీనియర్ అసిస్టెంట్ బుల్లెయ్య గారు ఫారం ఇచ్చారు. అన్నీ తెలుగులోనే ఉండాలని పైనుంచి ఆదేశమట, ఫారం ఆయనే స్వయంగా తెలుగు చేశారు. ‘ఓడ తరగతి’ అన్నచోట నాలుగు గళ్లున్నాయి. విధ్వంసక ఓడ, గస్తీ ఓడ, యుద్ధ ఓడ, దొంగ యుద్ధ ఓడ.

“బుల్లెయ్య గారూ, ఈ దొంగ యుద్ధ ఓడ ఏంటండీ?” అన్నాను.

“స్టెల్త్ అండి,” అన్నారు ఆయన గర్వంగా. “నిఘంటువు చూశాను. చౌర్యం అని ఉంది. చౌర్యనౌక అని రాశాను మొదట. మరీ గ్రాంథికంగా ఉంది, ఆడవాళ్లకి అర్థం కాదని దొంగ అన్నాను.”

“చాటుగా తిరిగే ఓడ అండీ అది. దొంగది కాదు.”

“చాటుగా తిరిగితే మరి ఏమంటామమ్మా?”

వేరే గడి లేదు. నీలవేణి పేరు ఎదురుగా ‘దొంగ యుద్ధ ఓడ’ అన్నచోట టిక్కు పెట్టి వచ్చాం.

ఫారం డిప్యూటీ డైరెక్టర్ పంచాక్షరి గారి బల్ల మీదికి వెళ్లింది. ఈ సంస్థకు రాక ముందు ఆయన దొంగ రేషన్ కార్డుల ఏరివేతలో పని చేశారు. ఒక్క జిల్లాలోనే పదకొండు వేల దొంగ కార్డులు ఏరారని, వాటిలో నాలుగు వేలు నిజంగానే దొంగవని చెప్పుకుంటారు. అటువంటి మనిషి కళ్లకు ‘దొంగ ఓడ’ అన్న మాట తగిలింది. మర్నాడు మమ్మల్ని పిలిపించారు.

“దొంగ కార్డు చూశాను, దొంగ పింఛను చూశాను, దొంగ హాజరు చూశాను,” అన్నారు. “దొంగ ఓడను చూడలేదు.”

“చూడలేరండీ,” అన్నాను. “దాని ప్రత్యేకతే అది.”

“అదే నేననేది! కనబడని ఓడ ఉన్నట్టు రుజువేమిటి? అసలు లేని ఓడను ఉన్నట్టు చూపి పోటీలో నెగ్గుకొస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పేదెవరు?”

“కనబడితే మునిగిపోతుంది సార్,” అంది షంషాద్.

“మునిగితే మునిగినట్టు రికార్డు ఉంటుంది. కనబడకపోతే ఏముంటుంది?”

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. ‘పోటీలలో దొంగ ఓడల బెడదను అరికట్టు నిమిత్తం ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ఓడయు ప్రతి ఐదు నిమిషములకొకసారి పటములోని నడిమి గడికి విచ్చేసి, ఎదుటి జట్టు వారికి స్పష్టముగా కనబడి, దృశ్య హాజరు నమోదు చేయించుకొనవలెను. ఎదుటి జట్టు తెరపై కనబడని ఓడ గైర్హాజరుగా పరిగణింపబడును.’ హాజరు వేయడానికి బుల్లెయ్య గారు లక్ష్మీకాంతం గారి వెనక కుర్చీలోనూ, టైపిస్టు మా వెనక కుర్చీలోనూ కూర్చుని, ఆట అయ్యేదాకా ఒకరికొకరు ఫోన్ కలిపి ఉంచుతారు.

మొదటి ఆట మెమో ప్రకారం ఆడాం. ఐదో నిమిషంలో పది ఓడలూ నడిమి గడిలో చేరాయి. చక్కెర మిల్లు వారివి మందపాటి ఓడలు. ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం వాళ్లకు సరిపడిన ఏర్పాటే. నీలవేణి దీవి చాటు నుంచి బయటికొచ్చి, బుద్ధిగా పక్క తిప్పి నిలబడింది. అటు ఫోన్‌లో బుల్లెయ్య గారి గొంతు వినబడింది, “నీలవేణి?” అని. “ప్రెజెంట్ సార్,” అన్నాను. అనడం పూర్తి కాకుండానే ఐదు ఓడల ఫిరంగులూ ఒకేసారి పేలాయి.

“కదలకండమ్మా, కదలకండి,” అన్నారు బుల్లెయ్య గారు. “ఇంకా టిక్కు పెట్టలేదు.”

ఆయన టిక్కు పెట్టేసరికి నీలవేణి పొగగొట్టం ఒక్కటే నీళ్ల పైన ఉంది. మిగతా నలుగురూ ఎనిమిదో నిమిషానికల్లా నా వెనకే వచ్చారు. ఆట ఓడిపోయాం. రెండు రోజుల తరవాత సంస్థ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మునిగే ఆఖరి క్షణం దాకా హాజరులో ఉన్నందుకు నీలవేణిని ‘ఆదర్శ ఓడ’గా గుర్తించారు.

“దీన్ని ఎక్కడ తగిలించమంటారు టీచర్ గారూ?” అన్నాను.

“గది ఉంటే కదా గోడ ఉండడానికి,” అన్నారు శేషారత్నం గారు. “ఉమా, రెండో ఆట నువ్వు హాజరుకి వెళ్లొద్దు. ఏమవుతుందో అవనీ.”

వెళ్లలేదు. రెండో ఆటలో నీలవేణి ఈశాన్యపు దీవుల చాటున చేరి, నాలుగుసార్లు మాత్రం పేల్చి, మూడు ఓడలు ముంచింది. మిగతావి తోడికోడళ్లు ముంచారు. టైపిస్టు చప్పట్లు కొట్టాడు కూడా. గదికి తాళం వేసి వెళుతూ శేషారత్నం గారు, “రేపు ఒక కూజా తెస్తాను. మంచినీళ్లకి,” అన్నారు. గది నిలుస్తుందని ఆవిడకు నమ్మకం కలిగిందని నాకు అప్పుడు తెలిసింది.

కూజా వచ్చిన రోజే ప్రొసీడింగ్స్ కూడా వచ్చాయి. ‘నీలవేణి అను ఓడ నాలుగు హాజరులకును గైర్హాజరైనందున, సదరు ఓడ పోటీలో లేనట్టు భావించడమైనది. లేని ఓడ చేత ముంచబడిన మూడు ఓడలును మునగనట్టు భావించడమైనది. సదరు మూడు ఓడలు తేలుచున్నవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఫలితము నిలిపివేయడమైనది.’

లక్ష్మీకాంతం గారు నాకు ఫోన్ చేశారు. “ఏమ్మా ఉమా, మా ఓడలు తేలుతున్నాయట?”

“తేలుతున్నాయట అండీ.”

“సముద్రం అడుగున చూశాను నా కళ్లతో. ఇప్పుడు వాటిని పైకి ఎలా తెచ్చుకోవాలో బుల్లెయ్య గారిని అడిగితే, అది మా సెక్షన్ కాదన్నాడు.”

అక్కడితో ఆగలేదు. ఆఫీసు ఆస్తి గాని, సిబ్బంది గాని వరుసగా మూడు హాజరులకు కనబడకపోతే ప్రకటన వేయాలని వాళ్లకు ఒక నియమం ఉందట. మూడో రోజు ఆఫీసు గోడ మీద, బస్టాండులో, కూరగాయల మార్కెట్టు గేటు మీద ఈ కాగితం అంటించారు.

‘కనబడుట లేదు. పేరు: నీలవేణి. తరగతి: దొంగ యుద్ధ ఓడ. రంగు: బూడిద. పొడవు: రెండు వందల నలభై మీటర్లు. చివరిసారి కనబడినప్పుడు ఒంటిపై తొమ్మిది ఫిరంగులు కలిగియున్నది. నీలవేణీ, నీవు ఎక్కడ ఉన్నను వెంటనే నడిమి గడికి రావలెను. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆచూకీ తెలిసినవారు డిప్యూటీ డైరెక్టర్ గారికి తెలుపగలరు. ఏడు రోజులలో ఆచూకీ తెలియని యెడల జట్టు అనర్హత పొందును.’

రెండు రోజుల్లో ఆరుగురు వచ్చి ఆచూకీ చెప్పారు. ఒకాయన కాలవ లాకుల దగ్గర చూశానన్నాడు. ఒకావిడ ఆ అమ్మాయి తనకు తెలుసని, పెళ్లి ఇష్టం లేక వెళ్లిపోయిందని, ఓడ అని ఎందుకు రాశారో తెలియదని చెప్పింది. అందరి దగ్గరా బుల్లెయ్య గారు వాంగ్మూలం తీసుకున్నారు.

ఈలోగా మా గది గుమ్మంలోకి ఫైళ్ల మూటలు దిగడం మొదలైంది. తీర్పు ఎలాగూ ఇటే వస్తుందని ముందుగా పంపారట. ఎర్రగుడ్డలో కట్టిన మూటలు, ఒక్కోటి పెళ్లి పరుపంత. కిటికీ పక్క కుర్చీలోకి వెళ్లాలంటే శేషారత్నం గారు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నడవాల్సి వచ్చింది. నాలుగో మూట వచ్చాక ఆవిడ ఆ కుర్చీని ఎత్తి మెట్ల మీద వేసుకుని కూర్చున్నారు.

“పదండి,” అన్నాను. “సార్‌ని కలుద్దాం.”

టీచర్ గారు, షంషాద్, నేను ముగ్గురం వెళ్లాం. ఆఫీసులో పంచాక్షరి గారి గది తలుపు వేసి ఉంది. బయట చెప్పులున్నాయి. లోపల ఫ్యాను తిరుగుతోంది.

“సార్ క్యాంపులో ఉన్నారు,” అన్నారు బుల్లెయ్య గారు.

“ఎప్పుడొస్తారండీ?”

“క్యాంపు అయ్యాక.”

మర్నాడూ అదే మాట. మూడో నాడు మేం బెంచీ మీద కూర్చుండగా లోపల ఎవరో దగ్గారు. దగ్గుకు సమాధానంగా బుల్లెయ్య గారు ఫైలు తిరగేశారు. కాసేపటికి తలుపు కింది సందులోంచి ఒక మెమో జారి బయటికి వచ్చింది. టైపిస్టు లేచి దాన్ని తీసుకుని, తలుపు వంక చూడకుండా వెళ్లిపోయాడు. లోపల మళ్లీ నిశ్శబ్దం.

నేను ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయాను. చాటున ఉండడం. ఎప్పుడో గాని పేల్చకపోవడం. పేల్చిన దెబ్బ నేరుగా తగలడం. ఇరవై సెకన్లలో మళ్లీ ఏమీ ఎరగనట్టు ఉండడం. ఆరు నెలలుగా నేను కిందా మీదా పడి నేర్చుకుంటున్న విద్యను ఈయన పాతికేళ్లుగా, పింఛనుకు లెక్కయ్యే సర్వీసుగా, చేస్తున్నారు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

“బుల్లెయ్య గారూ,” అన్నాను మెల్లగా, “సార్ మూడు రోజులుగా కనబడటం లేదు కదా. గైర్హాజరు వేశారా?”

ఆయన అదిరిపడ్డారు. “ఏం మాటమ్మా అది! గెజిటెడ్ ఆఫీసరు. కనబడకపోతే క్యాంపులో ఉన్నట్టు.”

“క్యాంపంటే ఎక్కడ బాబూ?” అన్నారు శేషారత్నం గారు.

“క్యాంపంటే క్యాంపేనండి. ఎక్కడని అడగం.”

“క్యాంపులో ఉన్నవాళ్లు హాజరుకి రానక్కర్లేదా?”

“ఎలా వస్తారండీ, క్యాంపులో ఉంటే?”

“అయితే నీలవేణి కూడా క్యాంపులోనే ఉందండీ,” అన్నాను.

బుల్లెయ్య గారు కలం కింద పెట్టారు. ఆయన ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాలా రోజులుగా తెరుచుకోని పెట్టెకు తాళంచెవి దొరికినవాడిలా చూశారు.

“మరి ఆ మాట మొదటే చెప్పొచ్చు కదమ్మా! ఊరంతా కాగితాలు అంటించాను,” అన్నారు. వెంటనే మళ్లీ చిన్నబుచ్చుకున్నారు. “కానీ క్యాంపు గెజిటెడ్ హోదా ఉన్నవాళ్లకే. ఓడకి హోదా ఎక్కడిది?”

“సార్ కింద ఎంతమంది సిబ్బంది ఉన్నారు బాబూ?” అన్నారు శేషారత్నం గారు.

“నేను, టైపిస్టు, అటెండరు, డ్రైవరు. డ్రైవరు పోస్టు ఖాళీ.”

“నీలవేణిలో పద్నాలుగు వందల మంది నావికులు,” అన్నాను. “ఖాళీలు లేవు.”

బుల్లెయ్య గారు లెక్క వేసుకున్నారు. వేసుకుని, తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచారు.

“కూర్చోండి బాబూ,” అన్నారు శేషారత్నం గారు. “ఆవిడ ఇక్కడ లేరు.”

ఆ మధ్యాహ్నమంతా మేం నలుగురం కూర్చుని నీలవేణికి ముందస్తు పర్యటన కార్యక్రమం తయారు చేశాం. బయలుదేరు స్థలం: ఈశాన్యపు దీవులు. పర్యటన ఉద్దేశము: క్షేత్రస్థాయి పరిశీలన. ప్రయాణ సాధనము: తానే. తన సర్వీసులో ఈ ఫారం అన్ని గళ్లూ నింపినవారిని చూడలేదని బుల్లెయ్య గారు కరిగిపోయారు. రెండో ఆట తేదీ కూడా కలిసేట్టు వెనకటి తేదీ నుంచి మంజూరు కోరమని సలహా ఇచ్చింది ఆయనే. కాగితం తలుపు కింది సందులోంచి లోపలికి తోశారు. పావుగంట ఫ్యాను చప్పుడు మాత్రమే వినబడింది. తరవాత కాగితం తిరిగి బయటికి వచ్చింది. కింద ఆకుపచ్చ సిరాతో ‘మంజూరు. క్యాంపులోని వారిని వెతకరాదు’ అని ఉంది.

మర్నాడు ప్రొసీడింగ్స్ వెలువడ్డాయి. నీలవేణికి పోటీల నిమిత్తం గెజిటెడ్ హోదా. రెండో ఆటలో ఆమె క్యాంపులో ఉన్నట్టు నమోదు. తేలుచున్న మూడు ఓడలు తిరిగి మునిగినట్టు ధ్రువీకరణ. ‘కనబడుట లేదు’ కాగితాలను అటెండరు చించలేక, వాటి మీదే ‘క్యాంపు’ అని ముద్ర కొట్టుకుంటూ వెళ్లాడు.

చెరొకటీ అయింది. మూడో ఆటకు గది సగం మూటలతో నిండి ఉంది. ట్యాబులు మూటల మీద పెట్టుకుని ఆడాం. శేషారత్నం గారు కుర్చీ తెచ్చుకోలేదు, మూట మీదే కూర్చున్నారు.

“నాలుగున్నర దాకా ఈ గది మనదే,” అన్నారు. “ఆ తరవాత సంగతి ఆ తరవాత. ఉమా, నేను చెప్పేదాకా పేల్చకు.”

మొదటి ఐదు నిమిషాలూ నేను ఏమీ చేయలేదు. అంత కష్టమైన పని నేనెన్నడూ చేయలేదు. ముక్కు శత్రువు వైపు పెట్టి, దీవి చాటున దాదాపు ఆగి ఉన్నాను. ఐదో నిమిషం హాజరుకు మావి నాలుగు ఓడలు నడిమి గడి అంచు దాకా వెళ్లి, టిక్కు పడగానే వెనక్కి తిరిగాయి. “నీలవేణి?” అన్నారు ఫోన్‌లో బుల్లెయ్య గారు. “క్యాంపు,” అన్నాడు మా వెనక టైపిస్టు. “అవును, క్యాంపు,” అన్నారు ఆయన ఎంతో మర్యాదగా.

పదో నిమిషానికి వాళ్ల ఓడ ఒకటీ, మాలో సత్యవతి ఓడా మునిగాయి. ఇందుమతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పద్నాలుగో నిమిషం దాటాక షంషాద్ ఓడకు నిప్పంటుకుంది.

“ఉమక్కా, కాలిపోతున్నా! కొట్టు!”

“ఇప్పుడు కాదు,” అన్నారు శేషారత్నం గారు. ఆవిడ చిన్న ఓడ నడిమి గడి పక్కనుంచే సర్రున పోతూ వాళ్లను చూపిస్తోంది. “ముక్కు ఇటే ఉంది ఇంకా. కొడితే గుండు జారిపోతుంది. వాళ్లు హాజరుకి నిలబడాలి. నిలబడ్డాక షంషాద్ మీద అన్ని ఫిరంగులూ పెట్టాలంటే పక్క తిప్పాలి. నలభై సెకన్లు.”

“నలభై సెకన్లకి నేనుండను టీచర్ గారూ!”

“ముప్పై ఐదు.”

నా బొటనవేలిని తెరకు అంగుళం పైన ఆపి ఉంచాను. బయట మెట్ల దగ్గర మరో రిక్షా ఆగిన చప్పుడు, మూటలు దించుతున్న చప్పుడు. ఎవరూ అటు చూడలేదు. పదిహేనో నిమిషం. చక్కెర మిల్లు ఓడలు నాలుగు, నడిమి గడిలో, హాజరుకు, స్కూలు ప్రార్థనలో పిల్లల్లా వరుసగా నిలబడి, షంషాద్ వైపు ఫిరంగులన్నీ తిప్పాయి. నాలుగు పక్కలూ నా ముందు గోడల్లా పరుచుకున్నాయి.

“ఇప్పుడు,” అన్నారు శేషారత్నం గారు.

తొమ్మిది ఫిరంగులూ పేలాయి. లక్ష్మీకాంతం గారి ఓడ రెండు ముక్కలైంది. “ఎవరే అది! ఎక్కడిది!” అని ఆవిడ కేక ఫోన్‌లోంచి మా గదంతా వినబడింది. “క్యాంపు అండీ,” అంటున్నారు బుల్లెయ్య గారు. నేను దీవి వెనక్కి జరిగాను. ఇరవై సెకన్లు. వాళ్లు నా వైపు తిరగబోయారు. “కదలకండమ్మా, అక్కడ టైపిస్టు ఇంకా టిక్కు పెట్టలేదు,” అన్నారు ఆయన. పాపం, నియమం మీద గౌరవమున్న ఆడవాళ్లు. ఆగారు. ముప్పయ్యో సెకనుకు నా ఫిరంగులు మళ్లీ నిండాయి.

ఆట ముగిసేసరికి సముద్రం మీద మిగిలినవి శేషారత్నం గారి చిన్న ఓడ, సగం కాలిన షంషాద్, నీలవేణి. మా ముగ్గురివీ చూసుకుని ఆవిడ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తరవాత బయటికెళ్లి రిక్షావాడితో, “దించింది మళ్లీ ఎక్కించు నాయనా,” అన్నారు.

లక్ష్మీకాంతం గారు సాయంత్రం స్వయంగా వచ్చి, గదంతా చూసి, కప్పు మాకు అక్కర్లేకపోతే తమ మిల్లు హాల్లో పెట్టుకుంటానన్నారు. ఇచ్చేశాం. మాకు హోదా కాగితం చాలు. ‘గుర్తింపు పొందిన క్రీడా కేంద్రం’ అని వచ్చింది, సంతకంతో సహా.

ఇక మూటలకు గది కావాలి. సర్క్యులర్ ప్రకారం నిరుపయోగముగా ఉన్న గదిని గుర్తించాలి. బుల్లెయ్య గారు అన్ని గదుల వినియోగ పట్టికలూ తెప్పించి వారం రోజులు పరిశీలించారు. జిల్లా మొత్తం మీద గడిచిన పద్నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా వినియోగం కాని గది ఒక్కటే తేలింది. రికార్డు ప్రకారం ఆ గది వాడుకరి పద్నాలుగు నెలలుగా, మమ్మల్ని పిలిపించి మాట్లాడిన రోజుతో సహా, క్యాంపులో ఉన్నారు.

“బుల్లెయ్య గారూ, లోపల సార్ ఉన్నారు కదండీ?” అన్నాను ఈ సంగతి తెలిసి.

“ఉన్నారండి,” అన్నారు ఆయన ఇబ్బందిగా. “కానీ నేను లోపలున్నారని ఎలా రాస్తాను? క్యాంపు అని ఆయనే సంతకం పెట్టారు. తలుపు తట్టి అడుగుదామంటే, క్యాంపులోని వారిని వెతకరాదని ఉత్తర్వు ఉంది. ఆకుపచ్చ సిరా.”

సోమవారం అటెండరు తలుపు తీసి, ఎదురుగా ఎవరినీ చూడకుండా, మూటలు పేర్చడం మొదలుపెట్టాడట. మొదటి వరస బల్ల ముందు. రెండో వరస బల్ల మీద. మూడో వరసకు సార్ కాళ్లు కుర్చీ మీదికి పెట్టుకున్నారట. ఆయన ఒక్క మాట అన్నా క్యాంపు భంగమవుతుంది, పద్నాలుగు నెలల హాజరుకు జవాబు చెప్పుకోవాలి. అనలేదు. ఎంత గొప్ప సంయమనం! నేనైతే రెండో వరసకే పేల్చేసేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు మా గది గుమ్మంలో పంచాక్షరి గారు నిలబడ్డారు. భుజాల మీద దుమ్ము, జేబులో ఆకుపచ్చ కలం. లోపల చల్లగా ఉంది. శేషారత్నం గారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు.

“అమ్మా,” అన్నారు ఆయన, “ఇక్కడికి... ఎవరైనా వస్తారా?”

“ఎవరూ రారండీ,” అన్నాను. “కూర్చోండి.”

బీరువా వెనక ఒక మూల చూపించాం. షంషాద్ కూజాలోంచి మంచినీళ్లు ఇచ్చింది. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక ట్యాబు చేతికిచ్చి, నీలవేణి లాంటి ఓడే ఒకటి చూపించాను. ఎలా ఆడాలో చెప్పబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు.

నిజంగానే అక్కర్లేదు. ఆయన ఓడ మొదటి నిమిషంలో ఒక దీవి వెనక్కి చేరి, ఇరవై నిమిషాలూ అక్కడే ఉంది. ఒక్కసారీ పేల్చలేదు. శత్రువులకే కాదు, మాకు కూడా కనబడలేదు. ఆట ముగిశాక తెర మీద, ‘ఈ ఆటలో మీరు ఏ పనీ చేయలేదు’ అని ఎర్రటి అక్షరాలతో వచ్చింది.

సార్ దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివారు. జేబులోంచి ఆకుపచ్చ కలం తీశారు.

“సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?” అని అడిగారు.